ఎడమ చెవి కీచుమోత గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎడమ చెవి కీచుమోత గారికి,

తాడిపత్రి నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయలేను. తమరు మాత్రం కుశలమే, ఈ ముక్క రాస్తుంటేనే వినపడుతోంది.

నిన్న అనంతపురంలో తమరు నా పరువు తీసిన తీరు గురించి రాయక తప్పడం లేదు. చెవి పరీక్ష గది, గోడలకు స్పాంజి, చిన్న అద్దం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, "సార్, ఎంత సన్నగా వినపడినా సరే, సౌండ్ రాగానే నొక్కండి" అని ఆ అమ్మాయి తలుపు మూసింది. బయటి ఆటోలు, హారన్లు, టోకెన్ నంబర్ల కేకలు అన్నీ ఒక్కసారిగా పోయాయి. మిగిలింది తమరు. ఆ గది తమ కచేరీ కోసమే కట్టించినట్టు ఎంత దర్జాగా అందుకున్నారండీ! నొక్కాను. మళ్లీ నొక్కాను. అద్దం అవతల ఆ అమ్మాయి తలెత్తి చూసింది.

"సార్, నేనింకా సౌండే ఇవ్వలేదు."

సరే, ఈసారి తొందరపడకూడదని బిగబట్టుకుని కూర్చున్నాను.

"సార్, ఇప్పుడు ఇచ్చాను, మీరు నొక్కలేదు."

బొంగురు స్వరాలు బాగానే పట్టుకున్నాను. సన్నటివి వచ్చేసరికి మెషీన్ కూత ఏదో, తమరి కూత ఏదో దేవుడికే ఎరుక. చివరికి ఆమె జాలిపడి ఏకధాటి కూత మానేసి, పిప్ పిప్ పిప్ అని తెంపి తెంపి ఇచ్చింది. తమరికి తెంపనేది లేదు కాబట్టి అప్పుడు గానీ తేడా దొరకలేదు. బయటికొస్తే బెంచీ మీద పెద్దాయన, "ఏంది సామీ, పదో తరగతి పరీక్ష రాసినావా లోపల?" అన్నాడు.

కాగితం మీద నా వినికిడి గీత 2000 హెర్ట్జ్ దాకా (ఈ అంకె పెరిగేకొద్దీ కూత సన్నమవుతుంది) బుద్ధిగా నడిచి, 4000 దగ్గర గోతిలో పడి, 8000కి మళ్లీ కొంచెం లేచింది. డాక్టరు గారు ఒక్క చూపు చూసి "ఎక్కడ పని?" అన్నారు. బండల పాలిష్ ఫ్యాక్టరీ, అకౌంట్స్, కటింగ్ మిషన్ గోడ అవతలే. తలాడించారు. పెద్ద మోతలకు ముందు దెబ్బతినేది ఆ 4000 చుట్టుపక్కలేనట. లోపలి చెవిలో ఉండే వెంట్రుక కణాలు పోతే మళ్లీ మొలవవట. అక్కడి నుంచి కబురు ఆగిపోయేసరికి మెదడు తనంతట తాను వాల్యూమ్ పెంచుకుని, లేని కూతను వింటుందట. అంటే జమ రాకుండానే పద్దు రాసేస్తోంది. ఇరవై రూపాయల తేడా వస్తే రాత్రంతా కూర్చుని లెక్క సరిచేసే మనిషిని నేను. నా మెదడే ఇట్లా దొంగలెక్క రాస్తుంటే ఎవరితో చెప్పుకోను?

చెప్పుకున్నా నమ్మేదెవరు? అసలు బాధ అదే. తమరికి సాక్షి లేడు. అంత ఖరీదైన మెషీన్ కూడా తమరిని పట్టలేదు. వరసగా కూతలు వినిపించి "ఇదా? ఇంకా సన్నమా?" అని అడిగి, నేను ఏది చెబితే అదే రాసుకున్నారు. ఇంట్లో మా ఆవిడ ఒకరోజు పంతం పట్టి, తన చెవి తెచ్చి నా చెవికి ఆనించి, ఊపిరి బిగబట్టి వింది. ఆమె చెవి దుద్దు నా దవడకు గుచ్చుకుంటోంది. కాసేపటికి లేచి, "నాకేమీ వినపడలేదే" అంది. అప్పుడు మాత్రం నువ్వు తారస్థాయిలో ఉన్నావు.

అవును, నువ్వే. మర్యాద ఇక చాలు.

రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. వీధి చివర డీజే మీదైతే ఫోన్ చేయొచ్చు, వాళ్లు ఆపినా ఆపకపోయినా. నీ మీద కంప్లైంట్ ఇస్తే ముందు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. 1953లో అమెరికాలో వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెడితే 94 శాతం మందికి ఏదో ఒక మోత వినపడింది. అంటే నీ సంతతి అందరి తలల్లోనూ ఉంది. మరి వాళ్లందరి దగ్గర నోరు మూసుకుని, నా దగ్గరేనా నీ ప్రతాపం? 1801లో జర్మన్ సంగీతకారుడు బీథోవెన్ కూడా తన చెవులు రాత్రింబవళ్లు హోరెత్తుతున్నాయని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆయన సింఫనీలు రాసుకున్నాడు, సరే. నేను జీఎస్టీ రిటర్న్‌లు వేయాలి.

సలహాలకైతే కరువు లేదు. ఒకాయన వెల్లుల్లి నూనె పోయమన్నాడు. ఇంకొకాయన, "ఎవరో నీ గురించి మాట్లాడుకుంటాండారులే" అన్నాడు. రెండేళ్లుగా, రాత్రి రెండు గంటలకు కూడా మాట్లాడుకునేంత గొప్పవాణ్నా నేను? డాక్టరు గారేమో మందు లేదన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు, మెల్లగా అలవాటవుతుందన్నారు. టెన్షన్ పడితే నువ్వు పెరుగుతావు, నువ్వు పెరిగితే నాకు టెన్షన్.

పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దు, పక్కన ఏదైనా చిన్న చప్పుడు ఉండనివ్వండి అని కూడా చెప్పారు. ఫోన్లో వాన చప్పుడు పెట్టుకున్నాను. వానలు కురవకపోవడంలో జైసల్మేర్ తర్వాత మాదే అని చిన్నప్పటి నుంచి వింటున్న జిల్లా ఇది. రాత్రి ఒంటిగంటకు మా అమ్మకు మెలకువ వచ్చింది. "వానొచ్చె, వానొచ్చె" అంటూ మిద్దె మీద ఆరబోసిన చెనక్కాయలు ఎత్తడానికి పరుగు. వెనకాలే నేను. పైకెళితే ఆకాశం నిండా చుక్కలు. విషయం చెప్పాక ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ తిట్లు వింటున్నంతసేపూ నువ్వు వినపడలేదు.

దాంతో వాన మానేసి ఫ్యాన్‌కు మారాను. పాతది, టకటకమంటుంది, నీకు సరిజోడు. అది తిరుగుతుంటే నిద్ర పడుతోంది కూడా. కానీ కరెంటు పోయిందా, ఫ్యాక్టరీ మిషన్లు ఆగుతాయి, వీధిలో టీవీలు ఆగుతాయి, ఫ్యాన్ ఆగుతుంది. ఊరంతా హమ్మయ్య అనుకునే ఆ క్షణంలో నువ్వొక్కడివి మొదలుపెడతావు. కరెంటు అక్కర్లేని మిషన్ నువ్వొక్కడివే కదా!

అందుకని ఇన్వర్టర్ చూసొచ్చాను. బ్యాటరీతో కలిపి ధర విని గుండె ఝల్లుమంది. అయినా కొంటున్నా. ఇంటి లెక్కల పుస్తకంలో నీ పేరున ఖాతా తెరిచి, మొత్తం నీ ఖర్చు కిందే రాస్తున్నాను. హెడ్‌ఫోన్ల పరీక్ష ఫీజు, అనంతపురం బస్సు ఛార్జీలతో సహా.

ఇట్లు,
బాకీ వసూలు చేసే దారి తెలియని
అకౌంటెంట్