సహజ న్యాయం: బాణాలు వేరే చోట తగులుతున్నాయి

చాలామంది పంచుకుంటున్న వాదన ఇది: "ప్రకృతిలో ఉన్నది మంచి, లేనిది చెడు అనడమే సహజ న్యాయ సిద్ధాంతం (natural law). దేవుణ్ణి నమ్మనివాడికి అది పనికిరాదు. తత్వవేత్త హ్యూమ్ దాన్ని ఏనాడో పాతిపెట్టాడు. అది ఎప్పుడూ బలవంతుల పక్షమే." నేను ఈ సిద్ధాంతానికి భక్తుణ్ణి కాను. అయినా ఈ నాలుగు మాటలూ గురి తప్పాయి. (కోర్టుల్లో వినిపించే 'సహజ న్యాయ సూత్రాలు' వేరే సంగతి. ఇరుపక్షాల వాదనా వినాలనడం వంటివి అవి.)

మొదటి మాట. ఇక్కడ ప్రకృతి అంటే అడవి కాదు, మనిషి స్వభావం. అందులోనూ ముఖ్యంగా వివేచన. మంచిని చేయాలి, చెడును మానాలి అన్నది 13వ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ పెట్టిన తొలి సూత్రం. ప్రాణం నిలుపుకోవడం, పిల్లల్ని కని పెంచడం, సత్యాన్ని తెలుసుకోవడం, నలుగురితో కలిసి బతకడం వంటి వాటివైపు మనిషికి ఉండే మొగ్గును బట్టి ఏది మంచో ఆయన చెప్పాడు. కోపమూ పుట్టుకతో వచ్చేదే, కానీ దాని పగ్గాలు వివేచన చేతిలో ఉండాలన్నాడు.

అయితే ఈ అపార్థంలో లోపలివాళ్ల పాలు కూడా ఉంది. ప్రతి అవయవానికీ ఒక ప్రయోజనం ఉంది, దాన్ని అడ్డుకోవడం తప్పు అనే తర్కం ఈ సంప్రదాయంలోనే పెరిగింది. 1968లో పోప్ ఆరవ పాల్ కృత్రిమ గర్భనిరోధాన్ని నిషిద్ధమన్నప్పుడు ఆధారం చేసుకున్నది సహజ న్యాయాన్నే. ఆ తర్కం నాకు మింగుడుపడదు. చెవి ఉన్నది వినడానికే. నిద్ర కోసం అందులో దూది పెట్టుకున్నవాణ్ణి పాపి అంటామా?

దేవుడి సంగతి త్వరగా తేలుతుంది. అక్వినాస్ ఈ న్యాయాన్ని దేవుడితో ముడిపెట్టిన మాట నిజమే. కానీ 1625లో డచ్ న్యాయవేత్త గ్రోషియస్, తాను విశ్వాసి అయి ఉండీ, దేవుడు లేడని ఒప్పుకున్నా ఈ న్యాయం ఒక మేరకు నిలుస్తుందని రాశాడు.

'ఉంది' నుంచి 'ఉండాలి'కి, అంటే లోకం ఎలా ఉందన్న దాన్నుంచి ఎలా ఉండాలన్న దానికి, దూకలేమని 1739-40లో హ్యూమ్ వేసిన ప్రశ్న గట్టిది. 1980లో సహజ న్యాయాన్ని సమర్థించిన తత్వవేత్త జాన్ ఫినిస్ దానికి ఎదురొడ్డలేదు, పక్కకు తప్పుకున్నాడు: జ్ఞానం, స్నేహం వంటివి మంచివని మేము దేనినుంచీ రాబట్టడం లేదు, అవి స్వయంసిద్ధం అన్నాడు. తెలివైన జవాబే. కానీ "నాకు అలా తోచడం లేదే" అనేవాడి ముందు అది మూగబోతుంది.

ఇక బలవంతుల పక్షమన్న మాట. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి, నల్లజాతివారి హక్కుల కోసం పోరాడుతున్న మార్టిన్ లూథర్ కింగ్, సహజ న్యాయంలో వేళ్లూనని చట్టం అన్యాయమని అక్వినాస్‌నే ఉటంకించాడు. ఆయనది ఏ బలవంతుల పక్షం?

అసలు గాయం మరోచోట ఉంది. సూత్రం నుంచి వివరాల్లోకి దిగేకొద్దీ ఈ సిద్ధాంతం తడబడుతుంది. దాచమని ఇచ్చిన సొమ్మును తిరిగివ్వాలి, కానీ అడిగేవాడు దేశంపై దాడికి వాడబోతుంటే ఇవ్వకూడదని అక్వినాసే అన్నాడు. అటువంటి మినహాయింపులు ఎన్ని, వాటిని నిర్ణయించేది ఎవరు? 1550-51లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్‌లో అమెరికా ఖండపు స్థానిక ప్రజలపై యుద్ధం న్యాయమేనని పండితుడు సెపుల్వెదా సహజ న్యాయం పేరుతోనే వాదించాడు. వాళ్లూ వివేచన ఉన్న మనుషులేనంటూ క్రైస్తవ మతగురువు లాస్ కాసాస్ ఎదురు నిలిచినదీ ఆ సహజ న్యాయం మీదే. వాదన విన్న మండలి నుంచి స్పష్టమైన తీర్పు రానేలేదు.