గుంత పడేదాకా ఆగడమే పొదుపు

రోడ్లకు డబ్బు చాలడం లేదని ఏటా బడ్జెట్ రోజున ఒకటే గోల. చాలనప్పుడు ఉన్నదాన్నే తెలివిగా ఖర్చు పెట్టాలని మేధావులు సలహా ఇస్తారు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ తెలివి ఎప్పుడో వచ్చేసింది. లోకమే ఇంకా గుర్తించలేదు.

ప్రపంచ బ్యాంకు చలవతో పుట్టిన హెచ్‌డీఎం-4 అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరుగుతున్నాయి, గతుకులెన్ని, పగుళ్లెన్ని అని దానికి చెబితే, ఉన్న డబ్బుతో ముందు ఏ రోడ్డు పట్టుకోవాలో తేలుస్తుంది. మన పద్ధతికి ఇంత డేటా అక్కర్లేదు. ముఖ్యమంత్రి గారి పర్యటన ఖరారైతే చాలు, హెలిప్యాడ్ నుంచి సభాస్థలి దాకా ఏ రోడ్డు ముఖ్యమో దానంతటదే తేలిపోతుంది. రాత్రికి రాత్రి తారు పడుతుంది. పర్యటన రద్దయితే రోలరు ఉన్నచోటే ఆగుతుంది. ఇంతకంటే కచ్చితమైన వ్యవస్థ ఏ దేశంలో ఉంది?

ఆ సాఫ్ట్‌వేర్‌ది మరీ వింత వాదన. డబ్బు తక్కువున్నప్పుడు ఇంకా పాడవని రోడ్డును ముందు కాపాడుకోమంటుంది. సన్న పగుళ్లు పూడ్చి, పైన పల్చటి తారు పూత (సీల్ కోట్) వేసి, పక్క కాలువలో పూడిక తీయిస్తే రోడ్డు ఇంకొన్నేళ్లు నిలుస్తుందట. వదిలేస్తే పగుళ్లలోంచి నీళ్లు దిగి, కింద కంకర మెత్తబడి, లారీ చక్రాల కింద తారు పెచ్చులూడి, చివరికి మొత్తం తవ్వి మళ్లీ వేయాలట. ఆఫ్రికాలో వేళకు 1,200 కోట్ల డాలర్ల మరమ్మతులు చేసి ఉంటే 4,500 కోట్ల డాలర్ల పునర్నిర్మాణం తప్పేదని ప్రపంచ బ్యాంకు 1994లోనే లెక్క కట్టింది.

లెక్క బాగుంది. అందులో శిలాఫలకం ఎక్కడుంది? పగులులో తారు పోస్తే ఎమ్మెల్యే గారు దేనికి రిబ్బన్ కత్తిరించాలి? బాగున్న రోడ్డుకు ఏఈ గారు నిధులడిగితే "బాగానే ఉందిగా, ఇప్పుడెందుకయ్యా?" అంటారు పైవాళ్లు. పాడయ్యాక అడిగితే "ఇంత పాడయ్యాక ప్యాచ్ వర్క్ ఏం చేస్తుంది? కొత్త రోడ్డుకే అంచనా పంపు" అంటారు. ఈ రెండు జవాబుల మధ్యలోనే రోడ్డు ఆయుష్షు చెల్లిపోతుంది. ఈలోగా ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉంటే ఆ పార్టీ గుంతల్లో వరినాట్లు వేస్తుంది కాబట్టి వ్యవసాయం కూడా గిట్టుబాటే. పాత బిల్లులు పెండింగ్‌లో పెడితే కొత్త టెండర్లకు కాంట్రాక్టర్లు రారు. ఎవరూ రాకపోతే ఖర్చేముంది?

లారీల సంగతి కూడా చెప్పుకోవాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు పదహారు రెట్లవుతుందని అమెరికాలో 1958-60 మధ్య జరిగిన పరీక్షల్లో తేలింది. 2018లో కేంద్రం ఒక ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అదే సూత్రంతో చూస్తే నష్టం అరవై శాతం పెరిగినట్టు. ఆ సంగతి పాత రోడ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇసుక టిప్పర్లకూ గ్రానైట్ లారీలకూ ఆ 11.5 కూడా ఆనదు, అది వేరే విషయం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేశారు. ఆ రూపాయి రావాల్సింది కూడా ఈ రోడ్ల మీదుగానే కనుక ఆలస్యానికి తప్పు పట్టకూడదు.

హెచ్‌డీఎం-4తో అసలు చిక్కు ఇంకోటుంది. అది జనం ఖర్చును కూడా లెక్కేస్తుంది. అరిగిన టైర్లు, పోయిన షాకబ్జార్లు, ఎక్కువ తాగిన డీజిల్, ప్రమాదాలు, అన్నీ. మన పద్దులో ఇవేవీ ఉండవు. నడుం బెల్టు కొనుక్కున్నది ఆటో డ్రైవరు, ప్రభుత్వం కాదు. 2022లో దేశంలో గుంతల వల్ల 1,856 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖే చెప్పింది. ఆ ఖర్చూ ఆర్ అండ్ బీ పద్దులో పడలేదు. మిగులంటే ఇదే.

అయినా మేధావుల మాట పూర్తిగా కొట్టేయడం నాకిష్టం లేదు. నాదొక రాజీ ప్రతిపాదన. ఇకపై పగుళ్లు పూడ్చినా, కాలువలో పూడిక తీసినా శంకుస్థాపన తప్పనిసరి చేయాలి. శామియానా, మైకు, మంత్రి గారి ఫొటోతో ఫ్లెక్సీ, నల్లరాతి ఫలకం ఉండాలి. ఫలకం ఖర్చు పగులు ఖర్చును మించుతుందని ఆర్థిక శాఖ కొర్రీ వేస్తుందేమో. వేయనివ్వండి. రోడ్డు మొత్తం తవ్వి మళ్లీ వేసే ఖర్చుతో పోల్చి చూస్తే రాయి చవకే.