ఓరుగల్లుకు సముద్రం ఉండేది, ఆ దారి ఆడవాళ్ల చేతుల్లో ఉండేది

మార్చి 8 దగ్గర పడిందంటే చాలు, వరంగల్‌లో ప్రతి చౌరస్తాలో ఒకటే రకం ఫ్లెక్సీ. గుర్రం మీద రుద్రమదేవి, చేతిలో కత్తి, పక్కన చాకలి ఐలమ్మ, కింద వరసగా డివిజన్ లీడర్ల ఫొటోలు. పేపర్లేమో స్పెషల్ పేజీ వేస్తాయి, అందులో మళ్లీ అదే లిస్టు: తొలి మహిళ ఫలానా, ఏకైక మహిళ ఫలానా. నా కోపం ఆ ఫొటోల మీద కాదు, ఆ కత్తి మీద. పాతికేళ్లకు పైగా ఇంత పెద్ద రాజ్యం నడిపిన మనిషి గురించి మనకు మిగిలింది గుర్రం, కత్తి, నిగ్గదీసిన చూపు. ఆమె ఖజానాలోకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, సైన్యానికి జీతాలు ఎట్లా ఇచ్చింది, రాజ్యంలో ఎవరు ఏం అమ్ముకుని బతికారు అని ఒక్కరూ అడగరు. అడిగితే జవాబు ఖిల్లా వరంగల్‌లో దొరకదు. సముద్రం ఒడ్డున, మోటుపల్లిలో దొరుకుతుంది.

మోటుపల్లి సంగతి తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర ఒక చిన్న ఊరు, మనకు 250 కిలోమీటర్ల పైమాటే. కాకతీయుల కాలంలో తూర్పు తీరంలో పేరుమోసిన రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో రుద్రమ తండ్రి గణపతిదేవుడి 1244 నాటి అభయశాసనం ఉంది. అంతకుముందు రాజుల పద్ధతి ఏమిటంటే, తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో మిగిలిన బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజుగారివే. వర్తకుడు ప్రాణాలతో బయటపడితే అదే పదివేలు. గణపతిదేవుడు దాన్ని ఎత్తేశాడు. మనిషికి ప్రాణం కంటే ధనం తీపి, అంత తెగించి సముద్రం మీదికి వచ్చినవాడి సొమ్ము వాడికే వదిలేస్తున్నాం, మాకు రావాల్సిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టం అని రాతి మీద చెక్కించాడు. ఎగుమతులకైనా దిగుమతులకైనా 30వ వంతు సుంకం. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, రాగి, సీసం, వేటికి ఎంతో విడివిడిగా రాసి పెట్టాడు. ఈ రోజుల్లో ఒక చెక్‌పోస్టులో అంత స్పష్టంగా రేట్ల బోర్డు చూశారా మీరు?

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకాల్లో అంతో ఇంతో ఉంటుంది. నన్ను నిద్రపోనివ్వని విషయం ఇంకొకటి ఉంది. ఓరుగల్లు నుంచి సముద్రం దాకా దారి ఎట్లా వచ్చిందో ఒకసారి మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. గణపతిదేవుడు దివిసీమ గెలిచాక అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల అన్నదమ్ముడే జాయప సేనాని. దివి అంటే కృష్ణ సముద్రంలో కలిసే చోటు. కూతురు గణపాంబను కోట బేతరాజుకు ఇచ్చాడు, వాళ్లది ధరణికోట. శాతవాహనుల కాలం నుంచే కృష్ణ ఒడ్డున పెద్ద వర్తక కేంద్రం అది, తవ్వకాల్లో రేవు కట్టడం కూడా బయటపడింది. ఇంకో కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు, అది గోదావరి డెల్టా. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ అయితే నతవాడి వాళ్ల ఇంటి కోడలు, అంటే ఇటు ఓరుగల్లుకూ అటు కృష్ణా తీరానికీ మధ్యలో. రెండు తరాల్లో ఒకే ఇంటి ఆడవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలు పెట్టి గీత కలిపితే ఓరుగల్లు నుంచి సముద్రానికి సరుకు నడిచే దారి మొత్తం వచ్చేస్తుంది. పుస్తకాల్లో మాత్రం దీన్ని ‘వైవాహిక సంబంధాల ద్వారా రాజ్యాన్ని పటిష్ఠం చేసెను’ అని ఒక్క లైనులో తేల్చేస్తారు, ఆడవాళ్లేదో రాజముద్రికలు అన్నట్టు.

వాళ్లు ఊరికే పెళ్లి చేసుకుని అంతఃపురంలో కూర్చోలేదు. బేతరాజు పోయాక కోట రాజ్యాన్ని గణపాంబే నడిపింది. భర్త పేరిట, తండ్రి పేరిట గుళ్లు కట్టించింది, ఊళ్లు దానం చేసింది, ఎనమదల శాసనం వేయించింది. ఈమె రుద్రమకు తోబుట్టువు. అక్కడ గణపాంబ, ఇక్కడ రుద్రమ, ఒకే కాలంలో ఇద్దరు ఆడవాళ్ల పాలన. రుద్రమ పేరు చంటిపిల్లలకు కూడా తెలుసు. గణపాంబ పేరు వరంగల్‌లో డిగ్రీ చదివే పిల్లల్లో పదిమందిని అడగండి, ఎంతమంది చెబుతారో చూద్దాం. కత్తి పట్టినట్టు కథ లేదు కాబట్టి ఫ్లెక్సీకి పనికిరాలేదు.

మైలాంబ సంగతి ఇంకా అన్యాయం. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు తవ్వించింది ఆమె. ఆ చెరువు కట్ట మీది శాసనంలోనే కాకతీయుల వంశక్రమం వెన్నభూపతి నుంచి మొదలై వరసగా ఉంది. అంటే కాకతీయులు ఎవరో, ఎవరి తర్వాత ఎవరో మనకు తెలియడానికి ఒక ఆధారం ఒక ఆడమనిషి వేయించిన చెరువు శాసనం. ఏడొందల ఏళ్లు దాటినా ఆ చెరువు కింద నాట్లు పడుతూనే ఉన్నాయి. ఇప్పుడు బయ్యారం పేరు పేపర్లో వచ్చేది ఉక్కు ఫ్యాక్టరీ కోసం. 2014 విభజన చట్టంలో పరిశీలిస్తామన్నారు, ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఎన్నికలప్పుడు అక్కడికి పోయే లీడర్లలో ఒక్కడు కూడా మైలాంబ పేరు ఎత్తగా నేను వినలేదు.

రుద్రమ దగ్గరికి వద్దాం. ఆమె గద్దెనెక్కేసరికి తీరం మొత్తం చేజారే పరిస్థితి. కళింగ గాంగులు వేంగి మీద పడ్డారు, నెల్లూరు వైపు పాండ్యులు, పడమటి నుంచి దేవగిరి యాదవ మహాదేవుడు ఓరుగల్లు దాకా వచ్చాడు, చివర్లో సొంత సామంతుడు కాయస్థ అంబదేవుడే తిరగబడ్డాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగపేరుగా కనిపిస్తుంది, ఆడది రాజ్యమేలుతున్నదని ఒప్పుకోని సామంతులు ఉన్న రోజులవి. ఇవన్నీ తట్టుకుని యుద్ధాలు గెలిచింది, నిజమే, కాదనను. కానీ యుద్ధాలు గెలిచిన రాజులు మనకు కొల్లలు. ఇంత గొడవలో కూడా రేవు మూతపడలేదు, అదీ నేను అబ్బురపడేది. వర్తకుడికి రాజు ఆడా మగా అన్న పట్టింపు ఉండదు, నాన్నగారు రాతి మీద చెక్కించిన మాట కూతురి హయాంలోనూ చెల్లుతుందా లేదా అన్నదే టెన్షన్. చెల్లదని అనుమానం వచ్చిందంటే ఓడ పక్క రేవుకు మళ్లుతుంది, అంతే.

మళ్లలేదని ఎట్లా తెలుసంటారా? 1290ల మొదట్లో చైనా నుంచి తిరిగిపోతూ మన తీరం గురించి రాసిన మార్కో పోలో ఈ రాజ్యాన్ని పిలిచిన పేరే ముత్ఫిలి. అంటే మోటుపల్లి. బయటి ప్రపంచానికి రాజధాని పేరు కంటే రేవు పేరే ముందు తెలుసు. అక్కడి వజ్రాల గురించి రాశాడు, సాలెపురుగు గూడంత సన్నని బట్టల గురించి రాశాడు, ఏ రాజైనా రాణైనా మోజుపడి కట్టుకునే బట్ట అన్నాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతున్నదని కూడా రాశాడు. చనిపోయిన రాజుకు భార్య అనుకున్నాడు పాపం, కూతురని తెలియదు. పైగా అప్పటికే ఆమె లేదు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే ఆమె చనిపోయింది. అయినా రేవుల్లో ఆమె న్యాయం గురించిన మాట నడుస్తూనే ఉంది. నావికుల నోట్లో పేరు నిలవాలంటే సుంకం దగ్గర మోసం జరగకూడదు, ఇంకో దారి లేదు.

ఇంకొక్క ముక్క చెప్పి తీరాలి. 1261 నాటి మల్కాపురం శాసనంలో తండ్రి ఇస్తానన్న మందడంతో పాటు రుద్రమ వెలగపూడిని కూడా శైవ గురువు విశ్వేశ్వర శంభువు మఠానికి ఇచ్చింది. అవును, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే. ఆ రాబడిలోంచి నడిచిన వాటిలో ప్రసూతిశాల ఒకటి, ఆరోగ్యశాల ఒకటి. పదమూడో శతాబ్దంలో కాన్పుల కోసం ఒక ఆసుపత్రి, దానికి శాశ్వతంగా ఆదాయం. వరంగల్‌లో రుద్రమ విగ్రహం పెట్టిన వాళ్లెవరైనా చేతిలో కత్తి బదులు ఆ శాసనం పెట్టాలని ఆలోచించారా?

దీనికి ఎదురు వాదన ఉంది. రేవును నిలబెట్టింది రుద్రమే అని చెప్పే శాసనం ఏదీ, అభయశాసనం తండ్రిది కదా, పోలో రాతల్లో సగం విన్నవే కదా, పిల్లలకు స్ఫూర్తి కావాలంటే వీరగాథే కావాలి గానీ సుంకాల పట్టిక కాదు అంటారు. మొదటి మాటలో నిజం ఉంది, నేను చెబుతున్నది ఆనవాళ్లను బట్టి కట్టిన వాదనే. కానీ మగ రాజుల విషయంలో ఇదే కొలత వాడతారా? వాళ్ల హయాంలో జరిగిన ప్రతిదీ వాళ్ల ఘనతే, ఈమె హయాంలో జరిగినదానికి మాత్రం సంతకం చూపించాలి. ఇక స్ఫూర్తి అంటారా, సుంకాల పట్టిక చదివి ఉత్సాహపడే పిల్లలు నాకు తెలుసు, వాళ్లే రేపు సీఏలు అవుతారు.

(మేడారం వైపు నుంచి చూస్తే ఇదే కాకతీయ ఖజానా ఇంకోలా కనిపిస్తుందని కూడా తెలుసు. కప్పం కట్టలేమన్నందుకు సమ్మక్క సారలమ్మల మీదికి సైన్యం పోయిందనే కదా జనం చెప్పుకునే కథ. రేవులో వర్తకుడికి దొరికిన అభయం కోయగూడేనికి దొరకలేదు. రాణి పేరుతో కన్ను మూసుకుని హారతి పట్టమని నేను అనడం లేదు.)

రాష్ట్రం రెండయ్యాక ఇంకో తమాషా మొదలైంది. ఖిల్లా, వేయిస్తంభాల గుడి, రామప్ప మనవి. మోటుపల్లి, ధరణికోట, మల్కాపురం వాళ్లవి. మన పుస్తకాల్లో చెరువులు మిగిలాయి, రేవు పోయింది. సముద్రం లేని తెలంగాణ అని మనమే అనుకోవడం అలవాటైపోయింది. ఖిల్లాలో కీర్తితోరణం కింద రీల్స్ చేసుకునే పిల్లలకు ఆ రాళ్ల వెనక ఓడలు ఉన్నాయని చెప్పే బోర్డు ఒక్కటి నాకు కనపడలేదు.

నిజానికి ఉత్తర తెలంగాణకు ఇవాళ కూడా సముద్రం ఉంది. దాని పేరు దుబాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో మస్కట్‌కో దోహాకో సౌదీకో పోయిన మనిషి లేని వాడ చూపించండి. మగవాళ్లు సముద్రం దాటారు, ఇక్కడ లెక్క మొత్తం ఆడవాళ్లే నడుపుతున్నారు. ఏజెంటుకు కట్టిన అప్పు మిత్తి, పొలం కౌలు, పిల్లల ఫీజులు, అత్తగారి షుగర్ మందులు, సంఘం కిస్తీ. చేటలో తంబాకు, ఒడిలో తునికాకు కట్ట, రాత్రి సీరియల్ నడుస్తుండగా వెయ్యి బీడీల లెక్క పూర్తి చేస్తూ, మధ్యలో వాట్సాప్ కాల్‌లో ‘ఈ నెల జీతం పడ్డదా’ అని అడిగే ఆమెను ఏ మహిళా దినోత్సవం పేజీలో చూశారు మీరు? ఆమె తొలి మహిళ కాదు, ఏకైక మహిళ అసలే కాదు, అట్లాంటివాళ్లు లక్షల్లో ఉన్నారు, అందుకే ప్రొఫైల్‌కు పనికిరాదు.

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. మంచిదే. అది శంషాబాద్‌లో పెట్టె దిగాక ఇచ్చేది. బతికొచ్చినవాళ్ల మాటేమిటి? 2020లో కరోనా విమానాల్లో కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు అక్కడి కంపెనీల్లో నెలల జీతాలు, సర్వీసు డబ్బులు ఆగిపోయాయి. ఓడ పగిలినా సరుకు నీదే అని 1244లో ఒక రాజు రాసిచ్చాడు, కంపెనీ పగిలితే జీతం ఎవరిదో ఇప్పటికీ రాసిచ్చినవాళ్లు లేరు. కాబట్టి ఈసారి మార్చి 8కి రుద్రమ పేరు మీద ఏదైనా చేయాలనుకుంటే విగ్రహం వద్దు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ కలెక్టరేట్లలో ఒక్కో కౌంటర్ తెరవండి. మొగుడు అక్కడే చిక్కుకుని ఉన్నా, ఆయన సంతకం కోసం ఎదురుచూడకుండా, ఒప్పందం కాగితం, పాస్‌పోర్టు జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకొచ్చిన భార్య దగ్గర జీతం బకాయి దరఖాస్తు తీసుకోండి, దాన్ని అక్కడి ఎంబసీకి పంపించి రసీదు ఆమె చేతిలో పెట్టండి. ఆ కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగి కూడా ఆడమనిషైతే మరీ మంచిది, ఎందుకంటే అక్కడికి వచ్చేవాళ్లు సగం సంగతులు మగవాడితో చెప్పరు.