ఖాళీ జాగా పలికే మాట

కొరియర్ సంస్థ ఫెడెక్స్ లోగోలో చివరి రెండు ఇంగ్లీషు అక్షరాల నడుమ మిగిలిన తెల్లటి ఖాళీయే ఒక బాణం. 1994లో ఆ లోగోను రూపొందించిన లిండన్ లీడర్ బాణాన్ని విడిగా గీయలేదు. అక్షరాల అంచులను సరిదిద్దుతూ, వాటి మధ్య అది దానంతటదే ఏర్పడేలా చేశారు. ఏళ్ల తరబడి చూస్తూ కూడా దాన్ని గమనించనివారు ఎందరో ఉన్నారు, ఒకసారి గమనించినవారికి మాత్రం ఇక ముందు అదే కనిపిస్తుంది. వాచ్యార్థాన్ని దాటి స్ఫురించే అర్థాన్ని మన ఆలంకారికులు ధ్వని అన్నారు, దాన్ని అందుకోగలిగినవాణ్ణి సహృదయుడన్నారు. పద్యానికి మనం ఇచ్చే ఆ మర్యాదను ఒక ప్రకటనకో, మాత్రల సీసాకో ఇవ్వడానికి ఇంత సంకోచం ఎందుకో నాకు అర్థం కాదు.

1959లో వోక్స్‌వాగన్ కోసం డోయల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ చేసిన ప్రకటనలో పేజీలో చాలా భాగం ఖాళీ. పైన ఒక మూల చిన్న కారు, కింద 'చిన్నగా ఆలోచించండి' అన్న అర్థం వచ్చే రెండే మాటల శీర్షిక. పెద్ద కార్లను మరింత పెద్దవిగా చూపించడమే రివాజుగా ఉన్న కాలంలో, ఆ ఖాళీ చదువరి తెలివిని నమ్మింది.

ఇదంతా సరుకు అమ్ముకునే గారడీయే కదా అనేవారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు: వెబ్‌సైట్లలో 'వద్దు' అనే మీటను లేత బూడిద రంగులో దాచి, 'సరే' అనేదాన్ని కళ్లు చెదిరేలా పెట్టేదీ డిజైనర్లే. అయితే ఆ బాణాన్ని పసిగట్టే చూపు అలవడనివారికి ఈ ఉచ్చు కూడా కనబడదు. మెచ్చుకోవడం తెలిసినవారే తప్పుపట్టగలరు.

నన్ను నిజంగా కదిలించేది మాత్రం మాత్రల సీసా. డిజైనర్ డెబొరా ఆడ్లర్ కుటుంబంలో ఒక వృద్ధురాలు భర్త మాత్రలను తనవనుకుని వేసుకున్నారు, ఎందుకంటే రెండు సీసాలూ ఒకే రకంగా ఉన్నాయి. ఆ సంఘటన తర్వాత ఆడ్లర్ ఆ సీసాను పరీక్షగా చూశారు. గుండ్రటి సీసా కావడంతో చీటీ మొత్తం చదవాలంటే దాన్ని తిప్పుతూ ఉండాలి. పైగా దాని మీద మందు పేరు కన్నా దుకాణం పేరే ప్రస్ఫుటంగా ఉంది. ఆమె సీసాను బల్లపరుపుగా మార్చి, మందు పేరును అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో పెట్టి, ఇంట్లో ఒక్కొక్కరి సీసా మెడకు ఒక్కో రంగు వలయాన్ని తొడిగారు. 2005లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లోకి వచ్చిన ఆ సీసా, పదేళ్లకు ఆ సంస్థ తన మందుల విభాగాన్ని అమ్మేశాక కనుమరుగైంది. దానికి అలవాటుపడినవారు మళ్లీ అదే కావాలని పట్టుబట్టారు. సమీక్షకులెవరూ నేర్పకుండానే సహృదయులైనవారు వారు.

ఇక ప్రభుత్వాల సంగతికి వస్తే, పౌరుడి చేతికి వారిచ్చే ప్రతి కాగితమూ ఒక డిజైనే, దాని తప్పొప్పులకు ఎవరూ జవాబుదారీ కాకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీ బ్యాలట్ పత్రంలో అభ్యర్థుల పేర్లను రెండు పక్కలా వేసి, గుచ్చవలసిన రంధ్రాలను మధ్యలో ఒకే వరుసలో ఉంచారు. ఎడమ పక్కన రెండో పేరు అల్ గోర్‌ది, వరుసలో రెండో రంధ్రం మాత్రం కుడి పక్కనున్న పాట్ బుకానన్‌ది. వృద్ధులు చదవగలిగేలా అక్షరాలను పెద్దవి చేయాలన్న సదుద్దేశమే పేర్లను ఇలా రెండు పేజీలకు చీల్చింది. ఫ్లోరిడాలో గోర్‌పై జార్జ్ బుష్ అధికారిక ఆధిక్యం 537 ఓట్లు. పోలింగుకు ముందే నమూనా పత్రాలు ఓటర్ల ఇళ్లకు చేరాయి; పేర్లన్నీ అందులో సరిగానే ఉన్నాయి.