సవరణ: గైసెన్‌బెర్గర్ పతకాల లెక్క

జర్మనీ లూజ్ (మంచు దారిలో చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని కిందికి జారే ఆట) క్రీడాకారిణి నటాలీ గైసెన్‌బెర్గర్ గురించిన కిందటి పోస్టులో ‘నాలుగు ఒలింపిక్స్, నాలుగు సింగిల్స్ స్వర్ణాలు’ అని ఉంది. నాలుగు ఒలింపిక్స్‌లో పోటీపడిన మాట నిజమే. సింగిల్స్ స్వర్ణాలు మాత్రం మూడే: 2014 సోచి, 2018 ప్యాంగ్‌చాంగ్, 2022 బీజింగ్. 2010లో వాంకూవర్‌లో దక్కింది కాంస్యం. అక్కడ స్వర్ణం జర్మనీకే చెందిన తత్యానా హ్యూఫ్‌నర్‌ది.

మరి మొత్తం ఆరు స్వర్ణాలంటారేంటి అని కొందరు అడిగారు. ఆ లెక్కా సరైనదే. మిగతా మూడూ టీమ్ రిలేలో వచ్చాయి. ఈ పోటీ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2014లో. అప్పట్లో మహిళ, పురుషుడు, ఆ తర్వాత డబుల్స్ జంట వరసగా దిగేవారు. గమ్యం దగ్గర పైన వేలాడే ప్యాడ్‌ని చేత్తో కొడితేనే, కొండ మీద తర్వాతి స్లెడ్‌కి గేటు తెరుచుకుంటుంది. గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంలో పడుకున్నవాళ్లు లేచి ఆ ప్యాడ్ అందుకోవాలి! తప్పితే జట్టు మొత్తం అవుట్. చూసేవాళ్లకే టెన్షన్. మూడుసార్లూ జర్మనీ తరఫున మొదట దిగింది గైసెన్‌బెర్గరే.

‘తల్లయ్యాక ఆట మానేసింది’ అన్న వాక్యం పూర్తిగా తీసేశాం. 2020 మేలో కొడుకు పుట్టాడు. 2020–21 సీజన్‌లోనే తిరిగొచ్చి ఎనిమిదోసారి ఓవరాల్ ప్రపంచకప్ (సీజన్ మొత్తం పాయింట్లతో తేలేది) గెలిచింది. బీజింగ్ స్వర్ణాలు రెండూ ఆ తర్వాతివే. రిటైర్మెంట్ ప్రకటించింది 2023లో.