బోర్డు పోయిందంటే వెంటనే నమ్మేయకండి

ఏ వస్తువు పాడైనా మన దగ్గర వినబడే మాట ఒక్కటే. "బోర్డు పోయిందమ్మా, మొత్తం మార్చాలి, దానికంటే కొత్తది కొనుక్కోండి." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బోర్డు అంటే వస్తువు లోపల భాగాలన్నీ అతికించి ఉండే సర్క్యూట్ పలక. దాని మీద ఏం పోయింది, ఎందుకు పోయింది అని తిరిగి అడగలేం కాబట్టే ఆ ఒక్క మాటకి వేలకు వేలు సమర్పించుకుంటున్నాం. అందుకే అంటున్నా, ప్రతి ఇంట్లో ఒక్కరైనా రిపేరు నేర్చుకోవాలి. కనీసం తప్పు ఎక్కడుందో పట్టుకునేంత వరకైనా. స్క్రూలు విప్పడం, సోల్డరింగ్ చేయడం కొన్నాళ్లు చేస్తే చేతికి అవే వస్తాయి. అసలు విద్య తప్పు పట్టుకోవడంలో ఉంది.

మా పర్లాకిమిడి లాంటి ఊళ్లకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అది ఆంధ్ర. మాది ఒడిశా. వారంటీ ఉన్న వస్తువు కోసం ఓ కంపెనీకి ఫోన్ చేస్తే శ్రీకాకుళం సెంటరు వాళ్లు మీ పిన్ కోడ్ మాది కాదన్నారు, బరంపురం వాళ్లు ఆగమన్నారు, ఆగాం, చివరికి మనిషి వచ్చాక వస్తువు మూత కూడా తీయకముందే విజిటింగ్ చార్జీ అడిగాడు. సరిహద్దులో బతికేవాళ్లం ఎవరి లెక్కలోకీ రాము. మన వస్తువు మనమే చూసుకోవాలి.

మా పిన్ని వాళ్ల టీవీ సంగతి చెప్తాను. మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. షాపులో ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర, పోయిందన్నారు. ప్యానెల్ ఖరీదు ఇంచుమించు కొత్త టీవీ అంత. పిన్ని పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామని కూడా అనేసుకుంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, టీవీ ఆన్‌లోనే ఉంచి, స్క్రీన్ మీదకు ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టి చూశాం. మసకగా సీరియల్ కనిపిస్తోంది! అంటే బొమ్మ తయారవుతోంది, వెనక నుంచి వెలుగు మాత్రం పడట్లేదు. పోయింది బ్యాక్‌లైట్ ఎల్ఈడీ స్ట్రిప్పులైనా కావాలి, వాటికి కరెంటు ఇచ్చే భాగమైనా కావాలి. ప్యానెల్ కాదు. వేరే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లి "బ్యాక్‌లైట్ చూడన్నా" అని అడిగితే స్ట్రిప్పులు మార్చి ఇచ్చాడు. ప్యానెల్ ధరతో పోలిస్తే అది ఖర్చే కాదు. పిన్ని ఏమీ విప్పలేదు, ఏమీ అతకలేదు. ఏం అడగాలో తెలుసుకుంది, అంతే.

ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందా, చేత్తో తిప్పితే గానీ కదలట్లేదా? ముందు కండెన్సర్ (కెపాసిటర్ అన్నా అదే) చూడండి. చాలా సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారాడ్‌ది ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ విలువ పడిపోతుంది, వోల్టులూ అవీ కొలిచే మల్టీమీటర్‌లో కెపాసిటర్ కొలిచే రేంజ్ ఉంటే వెంటనే తెలిసిపోతుంది. మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతే చల్లారనిచ్చి, కింద ఉన్న ఓవర్‌లోడ్ బటన్ నొక్కి చూడండి, అప్పటికీ కదలకపోతే మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగాయేమో చూడాలి. ఎల్ఈడీ బల్బు లోపల చిన్న చిన్న ఎల్ఈడీలు వరసగా కలిపి ఉంటాయి. ఒక్కటి మాడి నల్లచుక్క పడితే చాలు, చాలా బల్బుల్లో వెలుగు మొత్తం ఆగిపోతుంది. మిగతావన్నీ బాగానే ఉన్నా మనం చెత్తలో పడేస్తాం.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ గజపతి జిల్లాను, అటు శ్రీకాకుళాన్ని ఎలా ఊడ్చేసిందో అనుభవించిన వాళ్లకు తెలుసు. గాలివానకు లైన్లో న్యూట్రల్ తెగిందంటే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 300 దాటి కూడా వచ్చేస్తుంది. అప్పుడు చాలా బోర్డుల్లో ముందు బలయ్యేది ఎంఓవీ అనే చిన్న బిళ్ల, ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. అది షార్ట్ అయి ఫ్యూజ్‌ని కొట్టించేస్తుంది, వెనకున్న ఖరీదైన భాగాలను చాలాసార్లు కాపాడుతుంది. అది పోయిందని చూడకుండా ఉత్త ఫ్యూజ్ మారిస్తే కొత్త ఫ్యూజూ టప్పున పోతుంది. అక్కడే "బోర్డు పోయింది" అనేస్తారు. ఆ బిళ్ల, ఫ్యూజ్ రెండూ కలిపి ఎంతని? అందుకే నాకు కోపం.

అలాగని దేన్ని పడితే దాన్ని విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, కొలిచి చూడకుండా వేలు పెట్టకండి. మైక్రోవేవ్ జోలికి అసలు పోవద్దు, అందులో వేల వోల్టులు, ప్రాణం తీస్తుంది. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చడం, నొక్కడం చేస్తే మంటలు లేస్తాయి. రిపేరు చేసిన వస్తువును నేరుగా ప్లగ్గులో పెట్టకుండా వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో సిరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండానే వస్తువుకు వెళ్లేలా, పెట్టి చూడండి, లోపల షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, ఏదీ పేలదు. సిరీస్‌లో పెట్టినా షాక్ కొట్టే కరెంటు అదే, వెలుగుతున్నంతసేపు ముట్టుకోకూడదు.

నేర్చుకోవడం ఎలా అంటే, డాక్టరు అడిగినట్టు ముందు అడగాలి. ఆగిపోయే ముందు ఏం జరిగింది? వాసన వచ్చిందా? నీళ్లు పడ్డాయా? ఆ తర్వాత కరెంటు వచ్చే దారిలో ప్లగ్గు, వైరు, స్విచ్, ఫ్యూజ్ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాలి. నేను చూసినంతలో సగం జబ్బులు బోర్డు దాకా చేరకముందే దొరుకుతాయి. విప్పే ప్రతి అడుగులో ఫోటో తీసుకోవాలి. తెలుగులోనూ హిందీలోనూ కావలసినన్ని వీడియోలున్నాయి గానీ చాలామంది "ఇది మార్చండి" అని చూపిస్తారే తప్ప అదే ఎందుకు మార్చాలో చెప్పరు. ఎందుకో చెప్పేవాళ్లనే చూడండి. ఆడపిల్లలకు మరీ నేర్పండి. రోజూ మిక్సీ వాడేది మేము, అది ఆగితే మాత్రం మగపిల్లలు ఇంటికొచ్చేదాకా ఎదురుచూడాలా?

కంపెనీలు రిపేరు వివరాలు ఒక్కచోట పెట్టడానికి కేంద్రం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ మాకు కావలసింది సర్క్యూట్ బొమ్మ, విడిభాగం నంబరు, న్యాయమైన ధర, అదీ తెలుగులోనూ ఒడియాలోనూ. పాత రేడియోల వెనక అట్ట లోపల సర్క్యూట్ బొమ్మ అంటించి ఇచ్చేవాళ్లు. వేలు పోసి కొన్న టీవీకి అది ఇవ్వడానికి ఇప్పుడేం అడ్డం?

పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నం వైపు వాళ్లెవరైనా ఉంటే, పాతసామాన్ల వాడికి ఇవ్వబోయే ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు ఆదివారం పూట మా వరండాకి తీసుకురండి, కలిసి విప్పి చూద్దాం. ఎప్పుడు ఆగింది, ఆగే ముందు ఏమైంది అన్నది ఒక కాగితం మీద రాసి దానికే అంటించి తెండి.