మళ్లీ గండి పడిందట!

"బుడమేరు వాగుకు మళ్లీ గండి! అందరికీ పంపండి!" పొద్దున్నే విజయవాడలో మా సింగ్‌నగర్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వీడియో, కింద ఒక పార్టీకి తిట్లు. బయటేమో ఎండ మండిపోతోంది. తీరా చూస్తే అది 2024 సెప్టెంబరుది. మూడు గండ్లు పడి, పూడ్చడానికి ఆర్మీ వచ్చిందే, అప్పటిది.

గ్రౌండ్‌ఫ్లోర్ పిన్నిగారు అప్పటికే బియ్యం బస్తా అటక ఎక్కించేశారు. ఆవిణ్ణి ఏమీ అనలేం, అప్పుడు ఇంట్లో నడుంలోతు నీళ్లు చూసిన మనిషి.

"పాత వీడియో అండీ" అని పెట్టాను. అంతే! "మీరు ఏ పార్టీ?" అని ఒకాయన. "మీవాళ్లను బాగానే వెనకేసుకొస్తున్నారే" అని ఇంకొకాయన. గండికి పార్టీ ఏంటండీ బాబూ? మా బావగారి గ్రూపులోనూ అదే వీడియో, కాకపోతే తిట్లు రెండో పార్టీకి.

బస్తా దించడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. నేనే దించాను, నడుం పట్టేసింది.